క్రమం తప్పని గుండె

సిరిసిల్లలో ఉండే సమ్మయ్య గుండె మంగళవారం మధ్యాహ్నం మూడు గంటల నలభై నిమిషాలకు ఆగిపోయిందని జగిత్యాలలోని క్లినిక్ ప్రకటించింది. ఆ సమయాన్ని నిర్ధారించింది డాక్టరు కాదు; సమ్మయ్య చేతికి ఉన్న వాచీ. అంతకు ముందు ఆరు గంటల పాటు ఆ వాచీ ప్రమాద సంకేతం పంపుతూనే ఉన్నదనీ, కోరుట్లలో రోగుల వాచీలను గమనించే తెర ముందు కూర్చున్న నర్సు స్వప్న ఆ అలారాన్ని నొక్కేసి ఊరుకున్నదనీ కూడా క్లినిక్ ప్రకటించింది. ఒక మరణానికి సమయం, కారణం, దోషి, మూడూ ఒక్క రోజులో దొరికాయి. ఇంత సులువుగా దొరికినదాన్ని వసంత ఎన్నడూ నమ్మలేదు.

ఫోరెన్సిక్ ప్రయోగశాలలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన వసంత, జగిత్యాలలో ప్రైవేటు డిటెక్టివ్‌గా స్థిరపడి నాలుగేళ్లయింది. స్వప్న తల్లి పోచమ్మ ఇబ్రహీంపట్నంలో పసుపు చేలల్లో కూలికి పోయే మనిషి. గురువారం పొద్దున్నే బస్సు దిగి వచ్చి, గుమ్మంలోనే నిలబడి ఒక్క మాట చెప్పింది. "మా పిల్ల ఇంట్ల చీమను గూడ తొక్కది అమ్మా. గిప్పుడు మనిషిని సంపిందంటున్నరు."

క్లినిక్ తరఫున విచారణ జరుపుతున్నవాడు గణేశ్. రిటైరైన పోలీసు అధికారి. ఆ సాయంత్రం ఐదింటికి అతని నివేదిక పోలీసుల చేతికి వెళుతుంది. ఆ తర్వాత స్వప్న అరెస్టు కేవలం లాంఛనం.

కోరుట్లలో ఆ తెర ఉన్న గదికి వసంత చేరేసరికి గణేశ్ అప్పటికే కుర్చీలో వెనక్కి వాలి కూర్చుని ఉన్నాడు. స్వప్న నిలబడి ఉంది. ఇరవై ఆరేళ్ల అమ్మాయి. యూనిఫాం తీసేయమన్నారేమో, మామూలు చుడీదారులో ఉంది.

"కూసో బిడ్డా," అంది వసంత.

"నేను నిలవడమన్న," అన్నాడు గణేశ్.

"నేను కూసోమన్న. అలారం ఎవరు బంద్ జేసిండ్రు?"

"నేనే మేడమ్."

"ఎందుకు?"

స్వప్న గణేశ్ వైపు చూసింది.

"ఆయన దిక్కేం జూస్తవ్? ఆయన మొఖం మీద జవాబు రాసిలేదు. నాకు చెప్పు."

"సిరిసిల్లోల్ల అలారాలు పగటిపూట మోగుతనే ఉంటయ్ మేడమ్. నేను డ్యూటీ ఎక్కేటాల్లకే మోగుతుంటయ్, పొద్దుమీకిదాక ఆగయ్. మేనేజర్ సార్ బంద్ జెయ్యమన్నడు. 'డాక్టర్ సాబ్ మందు పెంచుతనే ఉన్నడు, నీకెందుకు లొల్లి' అన్నడు."

"గది నోటి మాట. సాక్ష్యం లేదు," అన్నాడు గణేశ్.

"సాక్ష్యం ఉండద్దనే నోటితోని చెప్తరు. పోలీసు డ్యూటీ చేసినోల్లకు నేను చెప్పాల్నా?" వసంత అతని వైపు తిరగకుండానే అంది. "ధర్మపురోల్లకు గిట్లనే మోగుతయా స్వప్నా?"

"లేదు మేడమ్. ఎప్పుడన్న ఒకటి."

"రుద్రంగి?"

"వాల్లయి గూడ మోగయ్. సిరిసిల్లోల్లయే. సాంచల మీద కష్టం జేస్తరు గదా, గుండె ఉరుకుతదన్నరు."

మరమగ్గాన్ని సిరిసిల్లలో సాంచ అంటారు. వసంత తెర ముందుకు కుర్చీ జరుపుకుంది. సమ్మయ్యకు ఉన్నది గుండె లయ తప్పే జబ్బు. ఆ జబ్బు ఉన్న గుండె ఒక దెబ్బకూ మరో దెబ్బకూ మధ్య సమానమైన వ్యవధి పాటించదు. పక్కపక్కనే ఉన్న రెండు నిమిషాలలో కూడా ఒకే లెక్క చూపదు. వైద్య పుస్తకాలలో ఆ జబ్బుకు నిర్వచనమే అది. కాని తెర మీద ఉన్నది పొలం గట్టులా తిన్నని గీత. నూట పద్దెనిమిది. పక్క నిమిషం నూట పద్దెనిమిది. గంట తర్వాత నూట పద్దెనిమిది.

"మందు పనిజేసింది," అన్నాడు గణేశ్, ఆమె చూపును గమనించి. "లయ కుదిరింది. వేగం మాత్రం తగ్గలే. గది డాక్టర్‌కు చెప్పాల్సిన పిల్ల చెప్పలే. కథ అయిపోయింది."

"గణేశ్ గారూ, సమ్మయ్య ఆ ఆరు గంటలల్ల అన్నం తిన్నడా?"

"తినే ఉంటడు."

"కూసున్నడు, లేచిండు, నడిచిండు, మంచం మీద ఒరిగిండు. మీరు గీ మెట్లెక్కి అచ్చినప్పుడు మీ గుండె ఎంత కొట్టుకుంది, కుర్చీల వాలినంక ఎంత? అరవై ఏండ్లకు దగ్గరవడ్డ రోగి గుండె అన్నిటికి ఒక్క తీరుగ కొట్టుకుందా?"

"మీరు ల్యాబుల సీసాలు కడిగినోల్లు మేడమ్. ఇన్వెస్టిగేషన్ వేరే."

"కడిగిన. కడగని సీసాల ఏం పోసినా తప్పే చూపెడుతది." ఆమె స్వప్న వైపు తిరిగింది. "మూడు నలభైకి నువ్వేం జూసినవ్?"

"సమ్మయ్య సార్‌ది పోయింది. ఆయనదొక్కటే గాదు మేడమ్. సిరిసిల్లోల్లయి ఇంకో ఐదు ఒక్కసారే పోయినయి. నెట్ పోయిందనుకున్న. ఐదు దాటినంక అవి మల్ల అచ్చినయి. సార్‌ది రాలే."

బల్ల మీదున్న గణేశ్ నివేదికను వసంత తిరగేసింది.

"మీ నివేదికల గా ఐదు లేవు," అంది వసంత.

"నెట్ సమస్య రాసుడు అవసరం లేదు."

"ఆరుగురి గుండెలు ఒక్క నిమిషంల ఆగితే రాయనవసరం లేదా? సరే. లేవుండ్రి. సిరిసిల్ల పోదాం. మీ దగ్గరున్న సమ్మయ్య వాచ్ సీలు విప్పకుంట తెండ్రి. స్వప్నా, కొత్తోల్లకు నేర్పుడుకు వాడే వాచ్ ఒకటి ఉంటది గదా, అది వట్టుకో."

దారి పొడవునా క్లినిక్ కారు గణేశ్ నడిపాడు. వసంత అడిగినవాటికి వెనక సీటులోంచి స్వప్న జవాబులు చెప్పింది. ఆ జవాబులలో ఒక్కటీ రహస్యం కాదు. ఎవరు అడిగినా చెప్పేది. రెండు బొటనవేళ్లు ఆనిస్తే గుండె గీతను ఫోనుకు పంపే చిన్న పలకను మొదట్లో ప్రతి రోగికీ ఇచ్చారట. నెలన్నర కిందట దాన్ని మాన్పించి వాచీ ఒక్కటే ఉంచారట. గీతను చదవడానికి చదువుకున్న డాక్టరు కూర్చోవాలి. అంకెను చదవడానికి ఎవరూ అక్కర్లేదు, యంత్రమే చదువుతుంది. ఆ అంకెలలో కూడా రోజంతటిలో ఎక్కువసేపు నిలిచిన వేగం ఏదో అదొక్కటే డాక్టరుకు వెళుతుంది. రాత్రి వాచీ చార్జింగులో ఉంటుంది గనుక రాత్రి గుండె సంగతి ఎవరికీ తెలియదు. డాక్టరు జగిత్యాలలో, తెర కోరుట్లలో, గుండె సిరిసిల్లలో. ఈ మూడూ నెలన్నరగా ఒక్కసారి కూడా ఒక గదిలో కలుసుకోలేదు. దీన్ని రోగి చెంతకు వైద్యం అని క్లినిక్ గోడ మీద రాయించుకున్నారు.

సమ్మయ్య కార్ఖానాలో ఆరు సాంచలు. యజమాని పోయిన మూడో రోజు కావడంతో అన్నీ ఆగి ఉన్నాయి. అతని దగ్గర పదేళ్లుగా పనిచేస్తున్న దుర్గయ్య నేల మీద గొంతుక్కూర్చుని ఉన్నాడు. వెనక గదిలో సమ్మయ్య భార్య సత్యవ్వ గోడకు చేరగిలబడి ఉంది.

ముందుగా వసంత ఆమె దగ్గరికి వెళ్లింది. "అక్కా, ఒక్క సాంచ కొంచెం సేపు నడిపియ్యాలె. మూడోనాడు నడుపద్దంటరని నాకెరుకే. నీకిష్టం లేకుంటే మానేద్దాం."

సత్యవ్వ స్వప్నను చూసింది. ఈ అమ్మాయి ఎవరో ఆమెకు అర్థమైంది. "నడుపుమను," అంది. "ఆయన ఉన్నా నడుపుమనేటోడే."

"దుర్గయ్యా, మంగళవారం సమ్మయ్యది ఏ సాంచ?"

"గిదే అమ్మా, దర్వాజ పక్కది. పొద్దుగాల తొమ్మిదింటికి షురూ జేసిండు. ఒంటిగంటకు తిని, ఎట్లనో ఉన్నది, కండ్లు తిరుగుతున్నయని పోయి పండుకున్నడు. గప్పటిసంది నేనే సూసుకున్న."

"మరి ఎప్పుడాపినవ్?"

"నేనాపలే. కరెంటే వోయింది. లైను పనున్నదని నాలుగు గొట్టక ముందే తీసిండ్రు, ఐదు దాటినంక ఇచ్చిండ్రు. బజారంత బంద్."

స్వప్న చేతిలోని ఫోను కిందికి దిగిపోయింది. గణేశ్ మాత్రం గడియారం చూసుకున్నాడు. "కరెంటుకు, మనిషి గుండెకు సంబంధమేంది?"

"గదే అడుగుతున్న. దుర్గయ్యా, సమ్మయ్య వాచ్ వెట్టుకొనే పోగులు అతికేటోడా?"

"యాడిది అమ్మా!" దుర్గయ్య లేచి నిలబడ్డాడు. "పట్టీకి పోగులు సుట్టుకుంటయ్. ఒక్క పోగు తెగిందనుకో, దాంతోని పది తెగుతయ్. సాంచ కాడ వాచ్ ఎవడు వెట్టుకుంటడు? గిగో, గీ రాడుకు సుట్టి బిగిచ్చేటోడు. అదురుకు కింద వడద్దని గట్టిగ."

"ఒంటి మీదికెల్లి తియ్యద్దని చెప్పలేదా మీకు?"

"చెప్పిండ్రు. తీసి పక్కకు వెడితే గడియల ఫోనస్తుండె. వాచ్ తీసినవా, ఎందుకు తీసినవని ఒకటే లొల్లి. గీ రాడుకు సుడితే ఫోన్ రాదమ్మా. వాచ్ ఖుషీగ ఉంటది." అతను కొంచెం గర్వంగానే చెప్పాడు. "సమ్మన్న కనిపెట్టిన ఉపాయం. సూసి అందరు గిట్లనే కడుతున్నరు."

"గా ఫోన్లు కొట్టింది నేనే," అంది స్వప్న. ఆ మాట ఎవరికీ చెప్పినట్టు లేదు.

వసంత స్వప్న తెచ్చిన నేర్పుడు వాచీని తీసుకుని, దుర్గయ్య చూపిన ఇనుప రాడుకే చుట్టి బిగించింది. వాచీ అడుగున ఆకుపచ్చని వెలుగు ఇనుముకు అతుక్కుంది. "నడుపు."

సాంచ మొదలైంది. కార్ఖానా నేల అదిరింది. వాచీ మొదట ఏమీ చూపలేదు. తర్వాత అరవై, తర్వాత తొంభై రెండు అంది. ఆ తర్వాత నూట పద్దెనిమిది దగ్గర ఆగి కదలలేదు. గణేశ్ వంగి చూశాడు. నిటారుగా నిలబడ్డాడు. మళ్లీ వంగి చూశాడు.

"ఆపు," అంది వసంత. సాంచ ఆగింది. అంకె మాయమైంది. "గణేశ్ గారూ, మీ నివేదిక ప్రకారం గిప్పుడే ఒక మనిషి సచ్చిపోయిండు."

"గిది... గిది ఎక్స్‌పర్టు తేల్చాలె. ఇంకో మాట మేడమ్. మా పంచనామల వాచ్ శవం చేతికే ఉన్నది. రాడుకు గాదు. సంతకాలున్నయ్."

"అందుకే సీలు విప్పుండ్రి, అందరి ముందట."

అతను కవరు చింపాడు. వసంత సమ్మయ్య వాచీని పట్టీ అంచులతో పట్టుకుని వెల్లకిల తిప్పింది. చర్మానికి ఆనవలసిన అద్దం మీద నూనెతో కలిసి గట్టిపడిన నూలు దుమ్ము పొర ఉంది. ఆ పొర మధ్యలో రాడు ఒత్తుకున్న చార స్పష్టంగా ఉంది.

"చేతికి ఉన్న వాచ్ అయితే చెమట ఉండాలె. గీ దుమ్ము లోపలికి ఎట్లొచ్చింది? శవం చేతికి ఎవరో తర్వాత వెట్టిండ్రు."

"నేనే వెట్టిన." వెనక గది గుమ్మంలోంచి సత్యవ్వ గొంతు వినిపించింది.

గణేశ్ చటుక్కున తిరిగాడు. "ఎందుకు వెట్టినవ్? సాక్ష్యం మారిస్తే ఏమైతదో ఎరుకేనా?"

"జర గొంతు దించుండ్రి," అంది వసంత. "చెప్పు అక్కా."

"నాలుగున్నరకు చాయ్ తీస్కపోయి లేపిన. లేవలే. డబ్బ మీద కిలినిక్ నంబరుంటే ఫోన్ గొట్టిన. మొగాయన ఎత్తిండు. వాచ్ చేతికి ఉన్నదా అన్నడు. లేదయ్యా, సాంచకున్నదన్న. 'ఒంటి మీద లేకపోతె తప్పు మీదే అయితది, మా జిమ్మేదారి గాదు, మొదలు చేతికి వెట్టుండ్రి' అన్నడు. మనిషెట్ల ఉన్నడని అడుగనే లేదక్కా. వాచే అడిగిండు." ఆమె చీర కొంగును గుప్పిట్లో నలిపింది. "వెట్టిన. నోరు తెరిచి ఉన్నది, మూయబోతె దవడ రాలే. బిగుసుకపోయింది."

"వినిండ్రా?" వసంత గణేశ్ కళ్లలోకి చూసింది. "మూడు నలభైకి పోయిన మనిషికి నాలుగున్నరకల్ల దవడ గట్టిపడదు. పండుకున్న కొద్దిసేపటికే పోయిండు. గంటన్నరకు పైగా శవం లోపలున్నది, గుండె మీ తెర మీద నడిచింది. గా అలారం వినుకుంట స్వప్న పొద్దుగాల ఉరికొస్తే సాంచ నడుపుకుంట సమ్మయ్యే దొరికేటోడు, రెండు దాటినంక అస్తే శవమే దొరికేది. మీరెత్తిన ఒక్క నేరం గూడ నిలవడదు."

గణేశ్ కాగితాలు తిరిగి సంచిలో పెట్టుకున్నాడు. "సరే. పిల్ల పేరు తీసేస్త. నా నివేదిక నేను మార్చుకుంట. ఇగ ఇడిసిపెట్టుండ్రి మేడమ్. రోగం మనిషి, రోగంతోని పోయిండు."

"పేరు తీసేస్తరా? రెండు దినాలు నిలవెట్టి, ఉద్యోగం తీసి, తల్లిని బస్సెక్కిచ్చి, గిప్పుడు కాయిదం మీద గీత కొట్టేసినట్టు తీసేస్తరా? కూసోండ్రి. గుండె ఎప్పుడాగిందో తేలింది. ఎందుకాగిందో తేలలే."

ఆమె సత్యవ్వను మాత్రలు చూపించమంది. సత్యవ్వ తెచ్చిన ప్లాస్టిక్ డబ్బాలోంచి సగం ఖాళీ అయిన పట్టీలను ఒక్కొక్కటే వెలుతురుకు పెట్టి చదివింది. రక్తం పలచబరిచేది ఒకటి. రెండోది గుండె వేగాన్ని తగ్గించేది.

"గీ చిన్న మాత్ర ఎన్ని ఏసుకునేటోడు?"

"మొదలు సగం. వాచొక్కటే ఉంచినంక ఫోన్ జేసి ఒకటన్నరు. మల్ల ఫోన్ జేసి పొద్దుకొకటి రాత్రికొకటన్నరు. పోయిన వారం పూటకు రెండన్నరు. గుండె ఇంకా ఉరుకుతనే ఉన్నదట."

ఇంకెవరూ వివరించనవసరం లేకపోయింది. స్వప్న నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. నూట పద్దెనిమిది తగ్గలేదని మాత్ర పెంచారు. పెంచినా తగ్గలేదని మళ్లీ పెంచారు. ఎంత పెంచినా ఆ అంకె తగ్గదు; సాంచ మాత్ర మింగదు. మింగినవాడు సమ్మయ్య. అతని గుండె అప్పటికే మందగించి, కళ్లు తిరిగి, ఆ మధ్యాహ్నం మంచం మీద ఇంకా ఇంకా నెమ్మదించి ఆగిపోయి ఉంటుంది. అదే వేళ జగిత్యాలలోని డాక్టరుకు అతని గుండె పరుగెడుతున్నదనే కబురు వెళుతూ ఉంది. హత్యకు కనీసం చంపాలన్న ఉద్దేశం ఉంటుంది. ఇక్కడ అదీ లేదు. వచ్చి చూసే ఓపిక లేకపోవడం ఒక్కటే ఉంది.

"పోస్టుమార్టం రిపోర్టు రానీయుండ్రి," అన్నాడు గణేశ్. అతని గొంతులో మునుపటి బిగువు లేదు. జేబులోంచి ఫోను తీశాడు.

"ఎవరికి?"

"మేనేజర్‌కు. చెప్పాలె గదా."

"మేడమ్," అంది స్వప్న. ఆమె గోడకు ఆనుకుని నిలబడి ఉంది. "గా ఐదుగురు. మూడు నలభైకి సమ్మయ్య సార్‌తోని పోయినోల్లు. వాల్లయి గూడ సాంచలకే ఉన్నట్టు గదా. వాల్లకు గూడ పోయిన వారమే పెంచిండ్రు."

బయట పక్క వీధిలో సాంచల మోత నిరాటంకంగా సాగుతోంది.

"నంబర్లున్నయా?"

"కిలినిక్ లాగిన్ బంద్ జేసిండ్రు. కాని వాచ్ తీసినప్పుడల్ల నా సొంత ఫోన్‌కెల్లే కొడుతుంటి. ఉన్నయ్."

"మాత్ర ఒక్కసారే ఆపుమని చెప్పకు, అది గూడ ప్రమాదమే. మొదలు గుండె లెక్క తెలుసుకో. తక్కువున్నోల్లను సర్కారు దవాఖానకు తోలుదాం." వసంత గణేశ్ వైపు అరచేయి చాపింది. "మేనేజర్‌తోని తర్వాత మాట్లాడుదురు. కారు తాళం ఇయ్యుండ్రి. లేదంటే మీరే తోలుండ్రి. రెండిట్ల ఏదో ఒకటి, గిప్పుడే."

గణేశ్ ఆ అరచేతిని చూశాడు. ఫోను జేబులో పెట్టుకుని, తాళం చెవి పట్టుకుని గుమ్మం దగ్గరికి నడిచాడు. "అడ్రసులు చెప్పుండ్రి," అన్నాడు.

స్వప్న మొదటి నంబరు నొక్కి స్పీకరు పెట్టింది. నాలుగు సార్లు మోగాక ఎవరో ఎత్తారు. వెనక సాంచ మోత.

"నాగవ్వా, నేను స్వప్నను. వాచ్ ఫోన్లు చేసే పిల్లను."

"తియ్యలే బిడ్డా!" అవతలి గొంతు గాభరాగా అంది. "వాచ్ చేతికే ఉన్నది. పొద్దుగాల్నుంచి తియ్యలే. ఒట్టు!"

"తిట్టుడుకు గాదవ్వా. వాచ్ సంగతే ఇడిసిపెట్టు. నువ్వెట్లున్నవ్?"

ఆ ప్రశ్న ఆమెను ఎవరూ అడిగి ఉండరు. "ఏమోనే. నాలుగు దినాలాయె, లేస్తె కండ్లకు సీకట్లస్తున్నయ్."

"కింద కూసో. కూసున్నవా? ఎడమ చేతి బొటనేలు కిందికెల్లి మనికట్టు మీద మూడు ఏల్లు పెట్టు. లోపల ఏదన్న కొట్టుకుంటుందా? దొరికిందా?"

"ఆఁ... దొరికింది."

"కొట్టినప్పుడల్ల పైకి లెక్కవెట్టు. నాకినవడాలె."

"సాంచ నడుస్తుంది బిడ్డా. ఆపుమందునా?"

"వద్దవ్వా. నువ్వు లెక్కవెట్టు."

"ఒకటి," అంది నాగవ్వ.

సాంచ కొట్టింది. మళ్లీ కొట్టింది. మూడోసారి కొట్టింది.

"రెండు," అంది నాగవ్వ.